ఏడో తరానికి అందిన హక్కు, కాగితంపై నిలవని ఇంటిపేరు

మారిషస్‌లోని భారత సంతతి వారిలో ఏడో తరం వరకు ఓసీఐ కార్డుకు అర్హత కల్పిస్తున్నట్లు 2024 మార్చిలో ఆ దేశ పర్యటన సందర్భంగా రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ప్రకటించారు. సాధారణంగా ఈ అర్హత భారత పౌరుల మునిమనుమల వరకే పరిమితం. ఒప్పంద కూలీల వలస 1834లోనే మొదలైన దేశంలో నేటి యువత చాలామంది ఆ పరిధిలోకి రారు. అందుకే ఈ సడలింపునకు ప్రాధాన్యం ఏర్పడింది. కోరంగి రేవు నుంచి తరలిన తెలుగువారి వారసులకూ ఇది వర్తిస్తుంది.

అయితే అర్హత వేరు, నిరూపణ వేరు. పూర్వికుల మూలాన్ని, వారితో తమ బంధుత్వాన్ని దరఖాస్తుదారులు పత్రాలతో చూపవలసి ఉంటుంది. తెలుగు కుటుంబాలకు ఇక్కడే చిక్కు ఎదురవుతుంది. తెలుగునాట వంశాన్ని తెలిపేది ఇంటిపేరు. ఓడ దిగిన కూలీని నమోదు చేసిన పుస్తకాల్లో సాధారణంగా మిగిలింది మాత్రం వ్యక్తి పేరే. తాత పేరే క్రమంగా మనుమలకు ఇంటిపేరయింది. తెలుగు తెలియని గుమస్తాలు విన్నట్లు రాసుకోవడంతో మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు రూపు మారాయి.

మారిషస్‌లోని మహాత్మాగాంధీ సంస్థ ఆనాటి వలస దస్త్రాలను భద్రపరుస్తోంది. వాటిలోని ఊరి పేరును నేటి గ్రామంతో పోల్చి గుర్తించాలంటే తెలుగునాట స్థలనామాలు తెలిసినవారి సాయం అవసరం. కాగితం మౌనం వహించిన చోట ఆచారం కొంత ఆధారమిస్తుంది. అక్కడి తెలుగువారు నేటికీ జరుపుకొనే సింహాద్రి అప్పన్న పూజ ఉత్తరాంధ్ర వైపు చూపుతుంది. కానీ పూజను ధ్రువపత్రంగా ఏ కార్యాలయమూ స్వీకరించదు.

ఓసీఐ కార్డు ఓటు హక్కునివ్వదు, వ్యవసాయ భూమి కొనే వీలు కల్పించదు. వారసత్వాన్ని అది సృష్టించదు, గుర్తిస్తుంది అంతే. ఏ కార్డూ లేని కాలంలోనే మారిషస్ తెలుగువారు ఉగాదిని ఆ దేశపు సెలవుదినాల్లో నిలిపారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలకు ఆతిథ్యమిచ్చారు. కొత్త నేలపై జీవితాన్ని నిర్మించుకుంటూనే పాత నేలను మరవని వారికి ఇప్పుడు కావలసింది మరో ప్రకటన కాదు. రెండు దేశాల దస్త్రాలను కలిపి చదివే ఏర్పాటు జరిగినప్పుడే ఏడో తరానికి ఇచ్చిన హక్కు ఇంటింటికీ చేరుతుంది.