ముందుగా కదిలిందెవరు?

ఈ నెల మన శీర్షికలో ఒక పరుగు పందెం గురించి మాట్లాడుకుందాం. ఆ పందెం పదమూడు సెకన్లలోపే ముగిసింది. అయితే అది మొదలయ్యే ముందు జరిగినదీ, ముగిసిన తరువాత జరిగినదీ ప్రతి కుటుంబమూ కూర్చుని మాట్లాడుకోదగిన సంగతి. ముఖ్యంగా ఆడపిల్లలున్న కుటుంబం.

2023 అక్టోబరు 1వ తేదీ. చైనాలోని హాంగ్‌జౌ నగరంలో ఆసియా క్రీడలు జరుగుతున్నాయి. మహిళల 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్‌కు క్రీడాకారిణులు వరుసగా వంగి సిద్ధంగా ఉన్నారు. వారిలో ఒకరు మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి. ఆమె పక్క లేన్‌లో చైనా దేశపు వూ యాన్ని ఉన్నారు. స్టేడియం నిండా వూ యాన్ని దేశస్థులే.

జరిగింది చెప్పేముందు ఈ ఆట ఎలాంటిదో తెలియని వారి కోసం నాలుగు మాటలు. హర్డిల్ అంటే దారికి అడ్డంగా నిలబెట్టే చట్రం. మహిళల 100 మీటర్ల పందెంలో ఇలాంటివి పది ఉంటాయి. ఒక్కొక్కటి 83.8 సెంటీమీటర్ల ఎత్తు, అంటే మనం భోజనం చేసే బల్ల కంటె కాస్త ఎక్కువ. మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలో ఉంటుంది. అక్కడి నుండి ఎనిమిదిన్నర మీటర్లకు ఒకటి. రెండు హర్డిల్స్ మధ్య సరిగ్గా మూడు అడుగులు. ఆఖరి హర్డిల్ దాటాక గీత చేరడానికి పదిన్నర మీటర్లు. చూసేవారికి ఇది ఎగిరే ఆట అనిపిస్తుంది గాని, తెలిసినవారు అలా అనరు. ఎక్కువ ఎగిరినవారు వెనుకబడతారు. హర్డిల్‌ను రాసుకున్నట్టు దాటి, ఎంత త్వరగా కాలు నేల మీద పెడితే అంత ముందుంటారు.

ఈ ఆట నియమాలలో మాకు చాలా నచ్చిన సంగతి ఒకటుంది. పరుగులో కాలు తగిలి హర్డిల్ పడిపోతే అది తప్పు కాదు. కావాలని పడగొట్టనంత వరకు, పక్కవారి దారికి అడ్డం రానంత వరకు పరుగు సాగించవచ్చు. పడిపోయిన దానిని ఎవరూ లెక్కపెట్టరు. అయితే తుపాకి మోగకముందే కదిలితే మాత్రం క్షమాపణ లేదు. దానినే ఫాల్స్ స్టార్ట్ అంటారు. 2010 నుండి ఉన్న నియమం ప్రకారం ఒక్కసారి అలా కదిలినా బయటికి పంపేస్తారు. తుపాకి మోగిన తరువాత కూడా సెకనులో పదో వంతు గడవకముందే కదిలితే, మోత విని కదిలినట్టు కాదు, ముందే కదిలినట్టు లెక్క. మనిషి చెవికి వినబడి కాలికి అందడానికి ఆ మాత్రం సమయమైనా పడుతుంది గనుక ఆ గీత గీశారు.

ఇప్పుడు హాంగ్‌జౌకు వద్దాం. తుపాకి మోగకముందే వూ యాన్ని కదిలారు. పక్కనే ఉన్న జ్యోతి ఆ కదలిక వెంట కదిలింది. పందెం ఆపేశారు. అధికారులు మొదట ఇద్దరినీ తప్పించబోయారు. ఒక్క నిమిషం ఆ అమ్మాయి స్థానంలో ఉండి ఆలోచించండి. సంవత్సరాల సాధన, దేశం కాని దేశం, ఎదుట అధికారులు, చుట్టూ వేల మంది ఎదుటివారి పక్షం. అలాంటి చోట ఎంతమంది కన్నీళ్లతో తల వంచుకుని బయటికి నడుస్తారు?

జ్యోతి నడవలేదు. నేను ముందు కదలలేదని చెప్పింది. చిత్రం చూడమని అడిగింది. ఎవరినీ దుర్భాషలాడలేదు, పందెం విడిచి వెళ్లనూ లేదు. అధికారులు తెర మీద మళ్లీ మళ్లీ చూశారు. చివరికి విషయం తరువాత తేలుద్దామని ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. అభ్యంతరం మీద పరుగెత్తడం అనే ఈ పద్ధతి నియమాలలోనే ఉంది. తీర్పు ఆలస్యమైనా హక్కు పోకూడదని పెట్టినది.

పందెం జరిగింది. చైనాకే చెందిన లిన్ యూవై 12.74 సెకన్లలో మొదట వచ్చారు. వూ యాన్ని 12.77తో రెండవ స్థానం. జ్యోతి 12.91తో మూడవ స్థానం. తరువాత అధికారులు విచారించి ఫాల్స్ స్టార్ట్‌కు కారణం వూ యాన్ని అని తేల్చి ఆమె ఫలితాన్ని రద్దు చేశారు. జ్యోతికి రజతం వచ్చింది.

వూ యాన్నిని నిందించడం మా ఉద్దేశం కాదు. సొంత ప్రజల ఎదుట, గెలవాలన్న ఆతురతలో, రెప్పపాటు కంటె తక్కువ సమయంలో జరిగిన పొరపాటు అది. మేము గమనించమని కోరేది అధికారులు మొదట చేయబోయిన పని. ఇద్దరూ కదిలారు గనుక ఇద్దరూ బయటికి. పైకి ఇది ఎంతో సమానమైన న్యాయంగా కనిపిస్తుంది. కాని ఆట నియమాలు వ్రాసినవారు ఈ చిక్కును ముందే ఊహించారు. ఒకరు ముందు కదిలితే పక్కవారు వారిని చూసి కదలడం సహజమనీ, పట్టుపట్టి చూస్తే అలా కదిలిన వారు కూడా తప్పు చేసినట్టే అయినా, దానికి కారకులైన వారినే బాధ్యులను చేయాలనీ అధికారులకు సూచన వ్రాసిపెట్టారు. ఎవరు కదిలారన్నది ఒక ప్రశ్న. ఎవరు ముందు కదిలారన్నది వేరే ప్రశ్న. న్యాయం రెండవ ప్రశ్నలో ఉంది.

ఒకరి తొందర పక్కవారిని ఎంత దెబ్బ తీస్తుందో మన దేశానికి బాగా తెలుసు. 1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌ను మొట్టమొదటిసారి ప్రవేశపెట్టారు. ఆ ఫైనల్‌లో మన పి.టి. ఉష ఉన్నారు. ఒక క్రీడాకారిణి ముందే కదలడం వలన పందెం ఆగి మళ్లీ మొదలైంది. ఆ రోజుల నియమం వేరు గనుక మొదటి తప్పుకు ఎవరినీ బయటికి పంపేవారు కాదు. మొరాకో దేశపు నవాల్ ఎల్ ముతవకిల్ 54.61 సెకన్లలో గెలిచారు. రొమేనియాకు చెందిన క్రిస్టియానా కొజొకారు 55.41తో కాంస్యం తీసుకున్నారు. ఉష 55.42. సెకనులో నూరో వంతు తేడాతో నాలుగవ స్థానం. మొదటిసారే పందెం సాగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఒక్కటి మాత్రం చెప్పవచ్చు. బిగించిన నరాలను సడలించి మళ్లీ బిగించవలసిన భారం, తప్పు చేయని వారి మీద కూడా పడుతుంది.

కొందరు అడగవచ్చు, జ్యోతి పట్టుదల గల పిల్ల గనుక పోట్లాడింది, అంతే గదా అని. అలా కాదు. ఆమె కథలో ముందరి పేజీలు చూడాలి. తండ్రి విశాఖలో సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్లలో పనిచేసి, ఆసుపత్రిలో శుభ్రం చేసే పని కూడా చేసి పిల్లలను పెంచిన స్త్రీ. బడిలో వ్యాయామోపాధ్యాయుడు పిల్ల పొడవు చూసి హర్డిల్స్‌కు పనికివస్తుందన్నారు. తరువాత హైదరాబాదులో ఎన్. రమేష్ వద్ద, ఆ తరువాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ వద్ద శిక్షణ.

ఆ దారిలో రెండు సందర్భాలు చూడండి. 2020 జనవరిలో మూడబిద్రిలో విశ్వవిద్యాలయాల పోటీలలో ఆమె 13.03 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అనురాధా బిస్వాల్ 2002లో నెలకొల్పినది. అయితే ఆ పోటీలో జ్యోతికి మాదక ద్రవ్యాల పరీక్ష జరగలేదు గనుక రికార్డుగా ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డం వచ్చింది. వెనుక నుండి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ సమయం రికార్డుకు చెల్లదు. ఆ రోజు గాలి 2.1.

రెండుసార్లు నియమం ఆమెకు వ్యతిరేకంగా నిలిచింది. గాలిని ఆమె పిలవలేదు, పరీక్ష జరగకపోవడం ఆమె తప్పు కాదు. అయినా నియమం నియమమే. ఆమె మళ్లీ పరుగెత్తింది. 2022 మే 10న సైప్రస్ దేశంలోని లిమసోల్‌లో 13.23 సెకన్లతో ఇరవై సంవత్సరాల నాటి రికార్డును చెరిపింది. చెల్లని ఆ రెండింటి కంటె ఇది నెమ్మదైన పరుగే. కాని ఇది చెల్లింది. అదే సంవత్సరం అక్టోబరులో బెంగుళూరులో 12.82కు వచ్చింది. 2023 జూలైలో బ్యాంకాక్‌లో ఆసియా చాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచింది. ఆ పందెంలో ఆమె సమయం 13.09. కోజికోడ్‌లో గాలి తీసుకుపోయిన అంకె ఆసియా స్వర్ణమై తిరిగి వచ్చింది.

కనుక హాంగ్‌జౌలో చూపు చూపించమని అడిగిన అమ్మాయి, కోజికోడ్‌లో నియమానికి లోబడిన అమ్మాయే. నియమం మనకు ఎదురైనప్పుడు లోబడటం, మన పక్షాన ఉన్నప్పుడు నెమ్మదిగా అడగడం, ఈ రెండూ వేరు వేరు గుణాలు కావు. ఒకే నిజాయితీకి రెండు ముఖాలు. మొదటిది మాత్రమే నేర్పి దానికి సాత్వికం అని పేరు పెడితే, పిల్లలకు సగం పాఠమే చెప్పినట్టు.

ప్రియులారా, ఇక మన ఇళ్లకు వద్దాం. కాలేజీకి వెళ్లే దారిలో ఒక కుర్రవాడు ఏదో అన్నాడని పిల్ల వచ్చి తల్లితో చెబుతుంది. మరునాటి నుండి ఏమవుతుంది? చాలా ఇళ్లలో ఆ పిల్ల కాలేజీయే ఆగిపోతుంది. పరువు కోసమని పెద్దలంటారు. త్వరగా సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ముందు కదిలినవాడు తన లేన్‌లో హాయిగా ఉంటాడు, పక్కన ఉన్న పాపానికి పిల్లను బయటికి పంపేస్తాము. అత్తింట్లో బాధలు పడుతున్నానని కూతురు చెబితే పెద్దలు కూర్చుంటారు. ఇద్దరిదీ తప్పుంది, ఇద్దరూ సర్దుకోండి అని లేచిపోతారు. అలా అనడం అందరికంటె సులభం. ఏమీ చూడనక్కరలేదు, ఎవరినీ నొప్పించనక్కరలేదు. కాని అది న్యాయం కాదు, తీరిక లేకపోవడం మాత్రమే.

హాంగ్‌జౌ అధికారులు మొదట తొందరపడినా తరువాత మూడు మంచి పనులు చేశారు. మళ్లీ చూశారు. తేలేవరకు పిల్ల పరుగు ఆపలేదు. ఫలితం వచ్చేసిన తరువాత కూడా దిద్దడానికి సిగ్గుపడలేదు. ఈ మూడూ ఇంటి పెద్దలు నేర్చుకోదగినవి. ఆడపిల్ల నోరు విప్పినప్పుడు ముందు పూర్తిగా వినండి. విచారణ జరిగేంత వరకు ఆమె చదువు, ఆమె ఉద్యోగం ఆపకండి. మన తీర్పు తప్పని తెలిసిననాడు, ఊరంతా విన్నా సరే, మార్చండి.

ఆడపిల్లలకు కూడా ఒక మాట. అడగండి. కోపంతో కాదు, ఆధారంతో. అడిగిన తరువాత మీ పరుగు మీరు పరుగెత్తండి. ఆ రోజు అంత కలవరం తరువాత కూడా జ్యోతి పది హర్డిల్స్ దాటి మూడవ స్థానంలో రాకపోయినట్లయితే, న్యాయం గెలిచినా రజతం వచ్చేది కాదు.

అన్ని రోజులూ ఒకలా ఉండవు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో భారతదేశం తరఫున పరుగెత్తిన మొదటి వనిత జ్యోతి. అక్కడ తొలి పరుగులో 13.16తో ఏడవ స్థానం వచ్చింది. వెనుకబడినవారికి ఆ ఒలింపిక్స్‌లో కొత్తగా ఇచ్చిన రెండవ అవకాశంలోనూ 13.17 దగ్గర ఆగిపోయింది. మరుసటి సంవత్సరం 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96తో మళ్లీ ఆసియా స్వర్ణం గెలిచింది.

చివరగా, హాంగ్‌జౌ పందెంలో నాలుగవ స్థానంలో వచ్చిన జపాను అమ్మాయిని మరువకూడదు. పేరు తనాకా యూమి, సమయం 13.04. జ్యోతి మూడవ స్థానం నుండి రెండవ స్థానానికి జరిగినప్పుడు కాంస్యం ఆమెకు దక్కింది. ఒకరు ధైర్యం చేసి అడిగిన న్యాయం ఆ ఒక్కరి దగ్గరే ఆగదు. మీ ఇంట్లో ఈ రోజు ఒక కూతురి మాట నిలిస్తే, రేపు పక్కింటి కూతురు నోరు విప్పడానికి భయపడదు.