సరుకుకు లేని అడ్డు మనిషికెందుకు?

హైదరాబాద్‌లోని నాచారం పారిశ్రామికవాడలో సరుకు నింపుకున్న లారీ విజయవాడ వెళ్లాలంటే ఒకప్పుడు రాష్ట్ర సరిహద్దులో పన్నుల చెక్‌పోస్టు దగ్గర బారులో నిలబడాల్సిందే. 2014లో రాష్ట్రం విడిపోవడంతో వచ్చిపడిన తంటా అది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక ఆ బారులు పోయాయి. ఇప్పుడు డ్రైవర్ చేతిలో ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు ఉంటే చాలు.

అదే నాచారంలో పనిచేస్తూ రామంతాపూర్‌లో ఒక్క గది అద్దెకు తీసుకున్న ఒడిశా కార్మికుడికి దారి అంత తేలిగ్గా తెరుచుకోలేదు. మనిషి వచ్చాడు గానీ రేషన్ మాత్రం సొంతూరి డీలరు దగ్గరే ఉండిపోయింది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్-తెలంగాణ, గుజరాత్-మహారాష్ట్ర జంటలతో మొదలైన రేషన్ కార్డు పోర్టబిలిటీ ఇతర రాష్ట్రాలకూ విస్తరించాకే, ఇక్కడి చౌకధరల దుకాణంలో వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకునే వీలు కలిగింది.

ఐరోపా దేశాలు ఎంత దగ్గరవ్వాలన్న చర్చలో చూడాల్సింది ఈ తేడానే. 1993లో ఐరోపా సమాఖ్య ఉమ్మడి మార్కెట్ ఏర్పడింది. పోలండ్‌లో కొన్నేళ్లు, జర్మనీలో కొన్నేళ్లు పనిచేసినవారి పింఛను అర్హతకు రెండుచోట్ల కాలమూ లెక్కకొస్తుంది. హక్కులు మనిషి వెంట నడిచే ఈ ఏర్పాటును వదులుకుని ఒట్టి వాణిజ్య ఒప్పందానికి దిగజారడం తెలివైన పని కాదు.

స్థానికుల భయం ఉత్తదేమీ కాదు. 2004లో తూర్పు ఐరోపా దేశాలు సమాఖ్యలో చేరినప్పుడు బ్రిటన్ అక్కడి కార్మికులకు వెంటనే తలుపులు తెరిచింది, జర్మనీ 2011 దాకా ఆగింది. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో బ్రిటన్‌లో ఓటేసినవారిలో 51.9 శాతం సమాఖ్య నుంచి బయటికే మొగ్గారు. వలసలే ఏకైక కారణం కాకపోయినా, ప్రచారం చాలావరకు వాటి చుట్టూనే తిరిగింది. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలను, 1969 తెలంగాణ ఉద్యమాన్ని చూసిన తెలుగువారికి ఆ కోపం అర్థంకానిది కాదు. విడతలవారీగా తెరవాలి, జనం వచ్చిచేరే ఊళ్లలో బడులకూ ఆసుపత్రులకూ ముందే నిధులివ్వాలి.

అసలు పరీక్ష ఆపదలో ఎదురవుతుంది. 2021 మేలో కొవిడ్ రోగులతో హైదరాబాద్ వస్తున్న అంబులెన్సులను కర్నూలు దాటాక పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర తెలంగాణ పోలీసులు ఆపేశారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షలపై స్టే ఇచ్చింది. 2020 మార్చిలో చాలా ఐరోపా దేశాలూ ఇలాగే తమ సరిహద్దులు మూసుకున్నాయి. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నింటా తనిఖీలు పెట్టింది.

తనిఖీ పెట్టే అధికారం ప్రభుత్వాలకు ఉండాల్సిందే. అయితే దానికి గడువు, కారణం రాతపూర్వకంగా ఉండాలి. పుల్లూరులో జరిగినట్టు, రోజుల్లోనే కోర్టు తలుపు తట్టే దారి పౌరుడికీ ఉండాలి.