పుచ్చకాయ నుంచి కక్ష్యల దాకా

పరమాణు నిర్మాణం అంటే చాలామంది పిల్లలకు నాలుగు పేర్లు, నాలుగు బొమ్మలు. అన్నీ బట్టీ పడతారు. తీరా ప్రశ్నపత్రంలో 'రూథర్‌ఫర్డ్ నమూనా లోపాలేమిటి?' అని కనిపించగానే బోర్ లోపాలు రాసి వచ్చేస్తారు. చదవక కాదు, దేనికది విడిగా చదవడం వల్ల వచ్చే చిక్కిది.

నిజానికి ఇదంతా ఒకే కథ. ఒకరి దగ్గర ఆగిపోయిన ప్రశ్నతోనే తర్వాతి అధ్యాయం మొదలవుతుంది.

పరమాణువును విభజించలేమన్నాడు డాల్టన్, 1808లో అచ్చయిన తన గ్రంథంలో. 1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొనడంతో ఆ మాట నిలవలేదు. ఎలక్ట్రాన్‌ది రుణావేశం. పరమాణువేమో తటస్థం. మరి ధనావేశం ఎక్కడుంది? పుచ్చకాయ గుజ్జులా అంతటా పరుచుకుని ఉందనీ, ఎలక్ట్రాన్లు అందులో గింజల్లాంటివనీ 1904లో థామ్సన్ ఊహించాడు.

రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ 1909లో పల్చటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలను పంపారు. ఎక్కువ భాగం నేరుగా దూసుకుపోయాయి. అంటే లోపల చాలావరకు ఖాళీయే. కొన్ని పక్కకు వంగాయి. అంటే ధనావేశం ఒకేచోట ఉంది. వేలల్లో ఏ ఒక్కటో వెనక్కి తిరిగొచ్చింది. అంటే ఆ చోటు చాలా చిన్నది, బరువు దాదాపుగా అక్కడే ఉంది. 1911లో రూథర్‌ఫర్డ్ చెప్పిన కేంద్రకం అదే. అది పెసరగింజంత అనుకుంటే పరమాణువు పెద్ద ఆటస్థలమంత! జవాబులో చూసినదీ, తేల్చినదీ జంటగా రాయాలి. ఒకటి వదిలేస్తే సగం జవాబే. బొమ్మలో న్యూట్రాన్లు పెట్టకూడదు. చాడ్విక్ వాటిని కనుగొన్నది 1932లో.

చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని కోల్పోతూ కేంద్రకంలో పడిపోవాలి కదా? రూథర్‌ఫర్డ్ నమూనా ఇక్కడే ఆగింది. కొన్ని నిర్దిష్ట కక్ష్యల్లో తిరిగినంతసేపూ శక్తి తగ్గదన్నాడు బోర్, 1913లో. హైడ్రోజన్ వర్ణపట రేఖలకు ఆ లెక్క చక్కగా సరిపోయింది. ఎలక్ట్రాన్లు ఒకటికి మించిన పరమాణువుల దగ్గర కుదరలేదు.

కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. ఎవరు, ఏమన్నారు, ఆధారమేంటి, ఎక్కడ ఆగింది. పుస్తకం మూసి నింపండి. అమ్మానాన్నలకు సైన్సు రాకపోయినా ఫర్వాలేదు. 'చదివావా?' అనే బదులు 'మరి దాన్నెందుకు మార్చాల్సి వచ్చింది?' అని అడిగితే చాలు. పిల్లలు తడుముకోకుండా చెప్పారంటే ప్రశ్న ఎటు తిప్పి అడిగినా రాయగలరు.