ఇంటి గదిలో ధ్వనిముద్రణ

పాడినంతసేపు వినిపించి, ఆగిన మరుక్షణంలో గాలిలో కలిసిపోవడం వేల ఏళ్ళుగా పాటకు సహజధర్మం. 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ ఫోనోగ్రాఫును రూపొందించిన తరువాత ఆ ధర్మం మారింది. 1902లో గ్రామఫోన్ కంపెనీ పక్షాన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ గానాన్ని ముద్రించాడు. ఆ కాలంలో గాయకులు పెద్ద కొమ్మువంటి గొట్టంలోకి గొంతెత్తి పాడవలసి వచ్చేది. గంటల తరబడి విస్తరించదగిన రాగాన్ని మూడు నిమిషాలకు కుదించవలసి వచ్చేది. అయినప్పటికీ ఆ అవకాశం లభించినది కొద్దిమందికే. తన పాటను తానే వినగలగడం సామాన్యునికి చాలాకాలం ఊహకందని విషయం. 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును ప్రవేశపెట్టిన తరువాత ఆ భాగ్యం క్రమంగా మధ్యతరగతి ఇళ్ళకు చేరింది. నేడు జూనియర్ కళాశాల విద్యార్థి జేబులోని సెల్‌ఫోను నాటి గైస్‌బర్గ్ యంత్రసామగ్రి కంటె స్పష్టంగా పాటను పట్టగలదు. ముద్రించిన పాటను కత్తిరించి, కూర్చి, సరిచేసుకోవడానికి 2000లో వెలువడిన ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే లభిస్తున్నాయి.

వసతి ఇంతగా పెరిగినా, దానిని వినియోగించుకొంటున్న తీరు మాత్రం ఆలోచింపదగినది. ఇంట్లో ధ్వనిముద్రణను అభిరుచిగా చేపట్టిన వారిలో అధికసంఖ్యాకులు తమ గదిని స్టూడియోకు నకలుగా మార్చాలని ఆరాటపడుతుంటారు. ఒక మైకు కొంటారు. అంతకంటె మంచిది మరొకటి ఉన్నదని తెలిసి దానికోసం డబ్బు కూడబెడతారు. ఆపైన హెడ్‌ఫోను, ఆపైన స్పీకర్లు. పాట మాత్రం వాయిదా పడుతూ ఉంటుంది. ఇంట్లో తీసిన రికార్డింగు పేలవంగా ఉండడానికి చాలా సందర్భాలలో కారణం మైకు కాదు, గది. నున్నటి సిమెంటు గోడలు, పలకరాళ్ళ నేల, అద్దాల కిటికీలు ఉన్న గదిలో శబ్దం గోడకు తగిలి తిరిగివచ్చి, కొద్ది ఆలస్యంగా అసలు స్వరంతో కలుస్తుంది. ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూస్తే చాలు, ఆ గింగురుమనే మోత వినిపిస్తుంది. దానికి మందు ప్రతి ఇంట్లోనూ ఉన్నది. వెనుక గోడకు దూదిపరుపును ఆనించి, పక్కన తాడుకు రెండు బొంతలు వేలాడదీసి, బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి ఉంచితే ఆ మోత చాలావరకు అణగిపోతుంది. నోటికీ మైకుకూ నడుమ జానెడు దూరం ఉంచాలి. మైకును కొంచెం పక్కకు తిప్పి పెడితే ప, బ వంటి అక్షరాల వద్ద ఊపిరి ఢమ్మని తగలదు. పంకా ఆపాలి. (మే నెలలో బెజవాడలోనో, రామగుండంలోనో పంకా ఆపి పాడడం ఒక తపస్సే!) ఇందులో ఏ ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు.

స్టూడియోతో పోటీపడి ఇల్లు గెలవలేదు; గెలవవలసిన అవసరమూ లేదు. స్టూడియో ఇవ్వలేనిది ఇల్లు ఇవ్వగలదు. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అనుభవం ఇందుకు చక్కని నిదర్శనం. 1982 జనవరిలో ఆయన న్యూజెర్సీ రాష్ట్రంలోని తన అద్దె ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్టు యంత్రం ముందు కూర్చొని కొన్ని కొత్త పాటలు పాడుకొన్నాడు. వాద్యబృందానికి వినిపించడానికి తీసిన చిత్తుప్రతి మాత్రమే అది. ఆ తరువాత బృందంతో స్టూడియోలో అవే పాటలను ఎంత శ్రమపడి ముద్రించినా, క్యాసెట్టులోని ఏకాంతం వాటిలోకి రాలేదు. చివరకు ఆ చిత్తుప్రతినే అదే సంవత్సరం 'నెబ్రాస్కా' అనే ఆల్బముగా విడుదల చేశారు. ఇటీవలి కాలంలో బిల్లీ ఐలిష్ అనే యువగాయని, ఆమె అన్న ఫినియాస్ కలిసి లాస్ ఏంజెలస్‌లోని తమ ఇంట్లో పడకగదిలో రూపొందించిన ఆల్బముకు 2020లో గ్రామీ పురస్కారం దక్కింది. వీరంతా వృత్తి కళాకారులు. వీరి పేర్లు చెప్పి ప్రతి ఇంటి పాటకూ కీర్తి వస్తుందని ఆశపెట్టడం న్యాయం కాదు. ఎవరూ కాలాన్ని లెక్కించని చోట, ఎవరూ అద్దాల వెనుక నుండి చూడని చోట గొంతు వేరుగా పలుకుతుందని మాత్రం ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

తన గొంతును తొలిసారి విన్న ప్రతివాడూ ఉలిక్కిపడతాడు. మాట్లాడేటప్పుడు మన స్వరం చెవికి గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా చేరుతుంది. అందువల్ల అది మనకు గంభీరంగా తోస్తుంది. రికార్డింగులో ఎముకల భాగం ఉండదు. ఇతరులు ఎల్లప్పుడూ వింటున్న స్వరమే అప్పుడు వినిపిస్తుంది. ఆ ఉలికిపాటును ఓర్చుకొని రెండవసారి, పదవసారి వినగలిగినవాడు శ్రుతి ఎక్కడ జారిందో, ఊపిరి ఎక్కడ చాలలేదో, ఏ అక్షరం నలిగిందో తెలుసుకొంటాడు. గురువు ఎదుట లేని వేళ సాధకునికి ఇంతకు మించిన సహాయం అరుదు. అయితే 1997లో ఆటోట్యూన్ అనే సాధనం వచ్చింది. జారిన స్వరాన్ని అది క్షణంలో సరిచేస్తుంది. వృత్తిలో ఉన్నవారికి గడువులుంటాయి, వారి అవసరాలు వారివి. నేర్చుకొంటున్న విద్యార్థి దానిని ఆశ్రయిస్తే తప్పు దిద్దబడుతుంది గాని తప్పును పట్టే చెవి ఏర్పడదు. పైగా కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకాన్ని అటువంటి యంత్రం జారిన స్వరంగా పొరబడి చదును చేయగలదు.

ఈ వ్యాసంగం చదువుకు ఆటంకమని పెద్దలు శంకించడం సహజం. రాత్రి పదకొండు గంటలకు పక్కింటివారి నిద్ర చెడగొట్టే పాట ఎవరికీ సమ్మతం కాదు. ఈ రెండూ వేళలు నిర్ణయించుకొంటే తీరే చిక్కులే. వీటికంటె పెద్ద లోపం ఒకటి ఉన్నది, దానిని పెద్దలూ పట్టించుకోవడం లేదు. ఒక గదిలో మనుమడు హెడ్‌ఫోను ధరించి సినిమాపాట సంగీతానికి తన గొంతు జోడిస్తుంటాడు. ఆ పాట ఇప్పటికే శ్రేష్ఠమైన గాత్రంలో భద్రంగా ఉన్నది. పక్కగదిలో నాయనమ్మకు వచ్చిన లాలిపాట, అప్పగింతల పాట, బతుకమ్మ పాట ఎక్కడా భద్రపడి ఉండకపోవచ్చు.

ఆచార్య బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటి పెద్దలు ఊరూరా తిరిగి జానపద గేయాలను సేకరించి గ్రంథస్థం చేశారు. వారి కృషి వల్ల సాహిత్యం నిలిచింది. పుస్తకంలో వరుస నిలవదు. ఊర్మిళాదేవి నిద్ర వంటి దీర్ఘగేయాన్ని అచ్చులో చదివినవారికి కథ తెలుస్తుంది. ఏ పాదం వద్ద గొంతు కిందికి దిగుతుందో, రెండవమారు ఏ మాటను సాగదీయాలో తెలియదు. అది తెలిసిన ముసలివారితోపాటే అదీ పోతున్నది. హంగేరీ స్వరకర్త బేలా బార్టోక్ 1906 నుండి ఫోనోగ్రాఫును పల్లెలకు మోసుకొనిపోయి రైతుల పాటలను ముద్రించాడు. అంత దూరం నుండి వచ్చిన పండితుని ఎదుట పల్లెటూరి స్త్రీ బిడియపడవచ్చు. ఇంటి పిల్లవాని ఎదుట నాయనమ్మకు అంత బిడియం ఎందుకుంటుంది? స్టూడియో ఆమెను పిలవదు, పరిశోధకుడు ఆ గుమ్మం తొక్కకపోవచ్చు. ఈ పని చేయగలవాడు ఆ ఇంటి ఔత్సాహికుడే.

అందుకు కొన్ని జాగ్రత్తలు అవసరం. పాడేవారి అనుమతి ముందుగా పొందాలి. పాట మొదటనే వారి పేరు, ఊరు, తేదీ, ఆ పాటను ఎవరివద్ద నేర్చుకొన్నారో వారి నోటనే చెప్పించాలి. మూలప్రతిని దిద్దకుండా రెండు వేర్వేరు చోట్ల దాచాలి. అటకమీది పాత క్యాసెట్లకు బూజు పట్టి ఎన్ని గొంతులు మూగబోయాయో చాలా ఇళ్ళకు తెలుసు. మధ్యలో మాట మరచిపోతే గుర్తుకు వచ్చేవరకు యంత్రాన్ని ఆపరాదు, తొందరపెట్టరాదు. దంపుళ్ళ పాటను కుర్చీలో కూర్చోబెట్టి పాడిస్తే లయ తడబడుతుంది. ఒక రోలు ముందుంచి, గుప్పెడు వడ్లు పోసి, చేతికి రోకలి ఇస్తే మరచిన చరణాలు కూడా వరుసలో పడి వస్తాయి. ఆ రోకటిపోటు చప్పుడు మైకులో పడుతుందని దిగులుపడనక్కరలేదు. ఆ పాటకు తాళం అదే.