తెరపై సాక్ష్యం

1965 మార్చి 7, ఆదివారం రాత్రి. అమెరికాలో ఏబీసీ టెలివిజన్ సంస్థ ‘జడ్జిమెంట్ ఎట్ న్యూరెంబర్గ్’ అనే చలనచిత్రాన్ని ప్రసారం చేస్తున్నది. నాజీ పాలనకు వంతపాడిన న్యాయమూర్తులపై జరిగిన విచారణే ఆ చిత్రకథ. దానిని మధ్యలో ఆపి, అలబామా రాష్ట్రంలోని సెల్మా పట్టణం నుంచి అప్పుడే అందిన దృశ్యాలను సుమారు 15 నిమిషాలపాటు చూపించారు. ఓటుహక్కు కోరుతూ మాంట్‌గోమరీ నగరానికి కాలినడకన బయలుదేరిన దాదాపు 600 మందిపై ఎడ్మండ్ పెట్టస్ వంతెన దగ్గర పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో, గుర్రాలతో విరుచుకుపడిన దృశ్యాలవి. సినిమాలో పరాయి దేశపు దుర్మార్గాన్ని చూస్తున్న జనం, తమ దేశంలో ఆ పగలే జరిగిన దుర్మార్గాన్ని చూశారు.

ఆ సంవత్సరం ఆగస్టు 6న ఓటుహక్కు చట్టంపై అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేశారు. చట్టాన్ని సాధించిన ఘనత నిస్సందేహంగా వంతెన మీద నెత్తురు చిందించినవారిదే. అయితే ఆ నెత్తురును దేశం కళ్లారా చూడకపోయి ఉంటే ఐదు నెలల్లో ఆ చట్టం వచ్చేదని ఎవరూ చెప్పలేరు. పౌరహక్కుల పోరాటానికీ తెరకూ ఉన్న సంబంధం అంత దగ్గరిది. అందుచేతనే ఆ పోరాటాన్ని తర్వాతి కాలంలో సినిమాగా ఎవరు తీశారు, ఎవరిని నాయకులుగా నిలిపారు అన్న ప్రశ్నను వినోదానికి సంబంధించిన విషయంగా మేము భావించడం లేదు.

1988లో వచ్చిన ‘మిసిసిపీ బర్నింగ్’ చిత్రాన్నే చూద్దాం. 1964 జూన్‌లో మిసిసిపీలో ముగ్గురు హక్కుల కార్యకర్తలను హత్య చేసిన ఘటన దానికి ఆధారం. చిత్రంలో కథానాయకులు ఇద్దరు ఎఫ్‌బీఐ అధికారులు, ఇద్దరూ తెల్లవారే. తమ విముక్తి కోసం ప్రాణాలొడ్డిన నల్లజాతి ప్రజలు అందులో భయపడుతూ, ఏడుస్తూ, రక్షకుల కోసం ఎదురుచూస్తూ కనిపిస్తారు. వాస్తవంలో అదే ఎఫ్‌బీఐ ఆ రోజుల్లో మార్టిన్ లూథర్ కింగ్‌పై నిఘా పెట్టింది, ఆయన సంభాషణలను రహస్యంగా విన్నది. బాధితుల కథను చెబుతూనే బాధితులను కథలోనుంచి తొలగించడం ఎలాగో ఆ చిత్రం చూస్తే తెలుస్తుంది.

1992లో స్పైక్ లీ తీసిన ‘మాల్కం ఎక్స్’ దీనికి భిన్నమైన దారి చూపింది. ఆ చిత్రానికి మొదట అనుకున్న దర్శకుడు తెల్లజాతివారు. ఈ జీవితాన్ని నల్లజాతి దర్శకుడే తెరకెక్కించాలని లీ బహిరంగంగా వాదించి ఆ బాధ్యతను తీసుకున్నారు. బడ్జెట్ దాటిపోయి పని ఆగే పరిస్థితి వచ్చినప్పుడు ఓప్రా విన్‌ఫ్రే, మైకేల్ జోర్డాన్, మ్యాజిక్ జాన్సన్ వంటి నల్లజాతి ప్రముఖులు విరాళాలిచ్చి ఆదుకున్నారు. మూడు గంటలకు పైగా నిడివి గల ఆ చిత్రంలో 1964 నాటి హజ్ యాత్ర ఉన్నది. అందుకోసం పవిత్ర మక్కాలో చిత్రీకరణకు అనుమతి లభించింది. ముస్లిమేతరులకు అక్కడ ప్రవేశం లేనందున ముస్లిం సాంకేతిక నిపుణులే ఆ దృశ్యాలను తీశారు. వర్ణభేదం లేని సోదరభావాన్ని ఇహ్రామ్ వస్త్రాలలో చూసి మారిన మాల్కం హృదయం కోట్లాది ప్రేక్షకులకు తెలిసింది. ముస్లిం అంటే తెరపై దుండగుడే అన్న అలవాటుకు ఆ చిత్రం గట్టి సమాధానం.

2014లో ఆవా డువర్నే ‘సెల్మా’ తీశారు. కింగ్ ప్రసంగాల చిత్రీకరణ హక్కులు అప్పటికే వేరొకరి చేతిలో ఉండడంతో ప్రసంగాలను ఆమె కొత్తగా రాసుకోవలసి వచ్చింది. అమీలియా బాయింటన్, ఆనీ లీ కూపర్ వంటి స్త్రీల పాత్రకు అందులో చోటు దక్కింది. మాల్కం సెల్మాకు వచ్చి కింగ్ సతీమణి కొరెట్టాను కలిసిన సన్నివేశమూ ఉన్నది. అయితే అధ్యక్షుడు జాన్సన్‌ను ఉద్యమానికి అడ్డంకిగా చూపడం అన్యాయమని ఆయన సహచరులు అభ్యంతరం చెప్పారు. ఈ విమర్శను మనం తేలికగా తీసుకోరాదు. మన గురించి అబద్ధాలు తీసేవారిని నిలదీసే మనం, మన కథలో ఎదుటివారికి కూడా న్యాయం చేయాలి. తమవారికి వ్యతిరేకంగానైనా నిజమే చెప్పాలన్నది ఇస్లాం నేర్పిన సాక్ష్యధర్మం.

తెర చేయగలిగిన మరో పని కూడా ఉన్నది. 1965 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో మాల్కం హత్యకు గురైనప్పుడు ముగ్గురికి శిక్ష పడింది. వారిలో ముహమ్మద్ అజీజ్, ఖలీల్ ఇస్లాం నిర్దోషులని నేరం ఒప్పుకున్న మూడో వ్యక్తి స్వయంగా చెప్పాడు. అయినా వారు దాదాపు 20 ఏళ్ల చొప్పున జైలులో గడిపారు. అబ్దుర్రహ్మాన్ ముహమ్మద్ అనే ముస్లిం పరిశోధకుడు దశాబ్దాలపాటు సేకరించిన ఆధారాలతో 2020లో ‘హూ కిల్డ్ మాల్కం ఎక్స్?’ అనే డాక్యుమెంటరీ వెలువడింది. దానితో ప్రాసిక్యూటర్ కార్యాలయం కేసును తిరగదోడింది. ఎఫ్‌బీఐ, న్యూయార్క్ పోలీసులు కీలక ఆధారాలను దాచినట్లు తేలింది. 2021 నవంబర్‌లో కోర్టు ఆ శిక్షలను రద్దు చేసింది. అప్పటికి అజీజ్ వయసు 83 ఏళ్లు. ఖలీల్ ఇస్లాం 2009లోనే కన్నుమూశారు.

ఈ గాథ మనకు కొత్తది కాదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగిన తర్వాత పలువురు ముస్లిం యువకులు నిర్బంధాన్ని, చిత్రహింసలను అనుభవించి చివరకు నిర్దోషులుగా బయటపడ్డారు. వారికి ప్రభుత్వం పరిహారం కూడా చెల్లించింది. ఇటువంటి నిందితుల పక్షాన వాదించి 2010లో ముంబైలో హత్యకు గురైన న్యాయవాది షాహిద్ ఆజ్మీ జీవితాన్ని హన్సల్ మెహతా ‘షాహిద్’గా తీశారు, దర్శకుడికీ నటుడికీ జాతీయ పురస్కారాలు లభించాయి. తెలుగులో అటువంటి ప్రయత్నం కోసం మేము ఎదురుచూస్తున్నాము. మన యువకుల అనుభవాలు కోర్టు దస్త్రాలలో, పాత పత్రికలలో, తల్లుల జ్ఞాపకాలలో చెల్లాచెదురుగా ఉన్నాయి.

సినిమా తీయడానికి కోట్లు కావాలి. సాక్ష్యం భద్రపరచడానికి అంత అవసరం లేదు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, బెయిలు ఉత్తర్వు, తీర్పు ప్రతులను ప్రతి కుటుంబమూ జాగ్రత్త చేయాలి. అన్యాయాన్ని అనుభవించినవారి మాటలను తేదీ, స్థలం చెప్పించి సెల్‌ఫోన్‌లోనైనా రికార్డు చేయాలి. డాక్టర్, ఇంజనీర్ చదువులతోపాటు న్యాయశాస్త్రం, పాత్రికేయం, చలనచిత్ర కళ చదవాలనుకునే పిల్లలను, ముఖ్యంగా ఆడపిల్లలను, మన సంస్థలు ప్రోత్సహించాలి. మనల్ని కించపరిచే చిత్రం వచ్చినప్పుడు నినాదాలతో ఆగిపోకుండా, ఆధారాలతో కూడిన సమాధానం ప్రజల ముందుంచాలి.

ఖలీల్ ఇస్లాం నిర్దోషి అన్న తీర్పు ఆయన మరణించిన పన్నెండేళ్లకు వచ్చింది. మన మొహల్లాలలో చెప్పవలసిన మాట మిగిలి ఉన్న పెద్దలు ఇంకా బతికే ఉన్నారు. వారి దగ్గర ఈ నెలలోనే కూర్చుందాం.