వాటాల న్యాయం నీడలో మారిషస్

2024 నవంబరు 10న మారిషస్ ఓటర్లు ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలనూ ఒకే కూటమికి కట్టబెట్టారు. అప్పటిదాకా ప్రధానిగా ఉన్న ప్రవింద్ జగన్నాథ్ సొంత నియోజకవర్గంలోనే ఓడిపోయారు. పాలకులను ఇలా ఊడ్చిపారేయడం ఆ దేశానికి కొత్త కాదు. 1982లోనూ 1995లోనూ అరవైకి అరవై వచ్చాయి. అయినా 1968 మార్చి 12న స్వాతంత్ర్యం వచ్చినది మొదలు ఇప్పటిదాకా ప్రధాని పదవి రెండు కుటుంబాల గడప దాటింది ఒక్కసారే. 2003 నుంచి 2005 దాకా పాల్ బెరాంజే ఆ కుర్చీలో కూర్చున్నారు. మిగతా కాలమంతా శివసాగర్ రామ్‌గులామ్, ఆయన కొడుకు నవీన్, అనిరుద్ జగన్నాథ్, ఆయన కొడుకు ప్రవింద్. 2017 జనవరిలో తండ్రి దిగిపోయి కొడుక్కి పదవి అప్పగించినప్పుడు మధ్యలో ఎన్నికే లేదు. కోపం వచ్చినప్పుడల్లా ప్రభుత్వాన్ని కూకటివేళ్ళతో పెకిలించగలిగిన ప్రజలు అవినీతిని ఎందుకు పెకిలించలేకపోయారు?

2015 ఫిబ్రవరిలో అప్పటికి మాజీ ప్రధానిగా ఉన్న నవీన్ రామ్‌గులామ్ ఇంట్లో పోలీసులు సోదా చేస్తే ఇనప్పెట్టెల్లో సుమారు 22 కోట్ల మారిషస్ రూపాయల నగదు దొరికింది. ఆయన 2024లో మళ్ళీ ప్రధాని అయ్యారు. సరిగ్గా పదేళ్ళకు, 2025 ఫిబ్రవరిలో, ప్రవింద్ జగన్నాథ్‌ను ఆర్థిక నేరాల కమిషన్ అరెస్టు చేసింది. మనీలాండరింగ్ కేసులో జరిపిన సోదాల్లో 11.4 కోట్ల రూపాయల నగదు పట్టుకున్నామని ప్రకటించింది. ఆయన ఆరోపణలను తోసిపుచ్చారు, బెయిలుపై బయటికి వచ్చారు. ఎవరు దోషి, ఎవరు కాదు అన్నది కోర్టులు తేల్చవలసిన విషయం. కానీ పన్నెండున్నర లక్షల జనాభా ఉన్న దేశంలో రాజకీయానికి ఇంత నగదు ఎందుకు కావలసి వస్తోందన్నది కోర్టులు తేల్చేది కాదు. పార్టీ టికెట్ మీద పోటీ చేసే అభ్యర్థి లక్షన్నర మారిషస్ రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదని ఎన్నికల చట్టం అంటుంది. బహిరంగ సభలు, బస్సులు, బిర్యానీ విందులు చూసిన ఎవరూ ఆ లెక్కను నమ్మరు. పార్టీకి ఎవరు డబ్బు ఇచ్చారో చెప్పమని అడిగే చట్టం లేకుండానే ఆ దేశం దశాబ్దాల పాటు ఎన్నికలు జరుపుకొంది. దాతల పేర్లు చీకట్లో ఉన్నంతకాలం ప్రభుత్వ టెండర్లూ లైసెన్సులూ ఎవరికి దక్కాయన్న ప్రశ్నకు నిజమైన జవాబు దొరకదు.

ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అవినీతి సూచీలో మారిషస్‌కు 2012లో 57 మార్కులు వచ్చాయి, 2024లో 51. ఆఫ్రికా ప్రమాణాలతో చూస్తే ఇప్పటికీ మెరుగే. ఆ మెరుగు ఎలా వచ్చిందో, ఎక్కడ తరిగిపోతోందో చూస్తే ఆ దేశంలో రెండు రకాల న్యాయాలు పక్కపక్కనే పెరిగాయని అర్థమవుతుంది. ఒకటి అందరికీ ఇచ్చిన న్యాయం. రెండోది వర్గాల వారీగా పంచిన న్యాయం. మొదటిది దేశాన్ని నిలబెట్టింది. రెండోది అవినీతికి గొడుగు పట్టింది.

అందరికీ ఇచ్చినదాని జాబితా గట్టిదే. ఆదాయంతో నిమిత్తం లేని వృద్ధాప్య పింఛనుకు 1958లోనే పునాది పడింది. ప్రభుత్వాసుపత్రుల్లో వైద్యం ఉచితం. 1976 ఎన్నికల ముంగిట ప్రకటించిన ఉచిత మాధ్యమిక విద్య 1977 నుంచి అమలైంది. చెరకు కూలీ కూతురు డాక్టరు కావడానికి దారి వేసింది అదే. 1961లో ఈ దీవి పరిస్థితిని అధ్యయనం చేసిన ఆర్థికవేత్త జేమ్స్ మీడ్, పెరిగే జనాభాతో, ఒక్క చెరకు పంటతో దీని భవిష్యత్తు గడ్డుగానే ఉంటుందని హెచ్చరించారు. ఆ భయం నిజం కాకపోవడానికి కారణాల్లో బడి, ఆసుపత్రి, పింఛను ముందు వరుసలో ఉంటాయి. వాటిని అందుకోవడానికి ఎవరి కులమూ మతమూ చెప్పనక్కర్లేదు, ఏ ఏజెంటు కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు.

వర్గాల వారీ న్యాయానికి మూలం స్వాతంత్ర్యానికి ముందు జరిగిన రాజ్యాంగ చర్చల్లో ఉంది. హిందువులు జనాభాలో సగం. తమకు గొంతు మిగలదని ముస్లింలు, చైనా సంతతివారు, మిగిలినవారు భయపడ్డారు. ఆ భయం నిరాధారం కాదు. దానికి విరుగుడుగా 'బెస్ట్ లూజర్' పద్ధతి వచ్చింది. రాజ్యాంగం నాలుగు వర్గాలను గుర్తించింది. ఎన్నికల్లో తక్కువ ప్రాతినిధ్యం దొరికిన వర్గంలో ఓడినవారిలో మెరుగైనవారికి ఎనిమిది దాకా సీట్లు ఇస్తారు. 1972 తర్వాత జనగణనలో వర్గం అడగడం మానేశారు కనుక లెక్క ఇప్పటికీ ఆ ఏటి అంకెల మీదే నడుస్తోంది. వర్గం ప్రకటించనిదే పోటీకి వీల్లేదన్న నిబంధన పౌర హక్కులకు విరుద్ధమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2012లో తేల్చింది. 2014 ఎన్నికలకు తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చారు, అంతే. ఈ పద్ధతి చేసిన మేలునూ చెప్పుకోవాలి. 2024లో ప్రతిపక్ష నాయకుడు సభలో అడుగుపెట్టగలిగింది ఈ సీట్ల వల్లనే.

కానీ ఆ ఎనిమిది సీట్ల తర్కం అక్కడితో ఆగలేదు. ప్రధాన ద్వీపంలోని 20 నియోజకవర్గాల నుంచి ముగ్గురేసి చొప్పున ఎన్నికవుతారు. ఆ మూడు టికెట్లలో ఏ మతానికి, ఏ కులానికి, ఏ భాషకు ఎన్ని అన్న కూడికే పార్టీ కార్యాలయాల్లో ముందు జరిగే పని. తర్వాత మంత్రివర్గం, కార్పొరేషన్ బోర్డులు, రాయబార పదవులు, చివరికి ప్యూన్ ఉద్యోగం దాకా అదే కూడిక. పదవి వర్గానికి దక్కిన వాటా అయిపోయినప్పుడు ఆ పదవిలో ఉన్నవాణ్ణి ప్రశ్నించడం వర్గాన్ని అవమానించడంగా మారుతుంది. కుంభకోణం బయటపడిన రోజున 'మావాడు కాబట్టే పట్టుకున్నారు' అనే మాట వర్గాన్ని చుట్టూ నిలబెడుతుంది. దొరికినవాడికి అంతకంటే మంచి కవచం లేదు.

ఈ రెండు న్యాయాల మధ్య గీత ఎక్కడుందో రెండు ఎన్నికల కేసులు చూపిస్తాయి. మారిషస్‌కు ఆఖరి అప్పీలు కోర్టు ఇప్పటికీ లండన్‌లోని ప్రివీ కౌన్సిలే. 2005లో 8వ నియోజకవర్గం నుంచి గెలిచిన అశోక్ జగన్నాథ్, ప్రవింద్‌కు బాబాయి, అప్పటికి ఆరోగ్య మంత్రి. ఎన్నికల ముందు నియోజకవర్గంలోని వారికి ఆసుపత్రుల్లో సహాయకుల ఉద్యోగాలు ఇప్పించారని, ముస్లింల శ్మశానానికి అదనపు స్థలం చూపి ఓట్లు అడిగారని ఓడిన అభ్యర్థి కోర్టుకు వెళ్ళారు. సుప్రీంకోర్టు 2007లో ఆ ఎన్నికను లంచం కింద రద్దు చేసింది. 2008లో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును నిలబెట్టింది. రెండోది 2019 నాటిది. ఎన్నికలకు వారాల ముందు వృద్ధుల సభలో ప్రవింద్ జగన్నాథ్ పింఛనును నెలకు 13,500 రూపాయలకు చేరుస్తామని ప్రకటించారు. ఇదీ లంచమేనని ఓడిన అభ్యర్థి వాదించారు. 2023 అక్టోబరులో ప్రివీ కౌన్సిల్ కాదంది. దేశంలోని వృద్ధులందరికీ ఇచ్చే హామీ విధానమవుతుంది, లంచం కాదు.

ఈ రెండో తీర్పు సరైనదేనని నా అభిప్రాయం. ఉచితాల మీద తెలుగు రాష్ట్రాల్లో మనం చేసే చర్చలో ఈ తేడా తరచూ జారిపోతుంది. అర్హత నియమం ప్రకారం అందరికీ, నడిమి మనిషి లేకుండా చేరేది ఖజానాకు భారమైతే కావచ్చు, దాని మీద ఆర్థిక చర్చ జరగాలి. కానీ అది మనిషిని ఎవరికీ బానిస చేయదు. ఒక ఊరికి, ఒక కులానికి, ఒక మతానికి నాయకుడి చేతి మీదుగా దక్కేది చిన్నదైనా మనిషిని కట్టిపడేస్తుంది. మారిషస్ కోర్టుల్లో మొదటి రకం నిలిచింది, రెండో రకం పట్టుబడింది. ఎన్నికల బరిలో మాత్రం రెండో రకమే ఎక్కువ చెలామణీ అవుతోంది.

వాటాల లెక్కలో అందరికంటే అన్యాయమైపోయింది క్రియోల్ ప్రజలు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చిన బానిసల సంతతి వారు. 1835లో బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం ఇచ్చింది, యజమానులకు. బానిసలకు గజం నేల కూడా దక్కలేదు. రాజ్యాంగంలో హిందూ, ముస్లిం, చైనా సంతతి వర్గాలు పోగా మిగిలిన వారందరూ 'సాధారణ జనాభా'. చెరకు ఎస్టేట్ల యజమానులైన ఫ్రెంచి సంతతి తెల్లవారూ, వారి తాతలు కొన్న బానిసల వారసులూ ఒకే గంపలో పడ్డారు. ఆ వర్గానికి సీటు దక్కితే రోష్ బ్వా మురికివాడలోని క్రియోల్ కుటుంబానికి ప్రాతినిధ్యం దొరికినట్టు లెక్క రాసుకుంటారు. 1999 ఫిబ్రవరిలో క్రియోల్ గాయకుడు కాయా పోలీసు లాకప్‌లో చనిపోయినప్పుడు దీవి రోజుల తరబడి తగలబడింది. ఆ తర్వాత అలెక్స్ బొరైన్ అధ్యక్షతన సత్య న్యాయ కమిషన్ పనిచేసి 2011లో నివేదిక ఇచ్చింది. బానిసల, కూలీల వారసుల భూములు పత్రాల మాయాజాలంతో ఎలా చేజారిపోయాయో అందులో ఉంది. పోయిన భూమి కోసం ఆ కుటుంబాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటాల రాజకీయంలో బలమైన సంఘం లేనివాడి ఫైలు కదలదు.

చాగోస్ దీవుల వారిది మరీ దారుణం. 1965లో బ్రిటన్ ఆ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. 1968-73 మధ్య డీగో గార్సియా సైనిక స్థావరం కోసం అక్కడివారిని ఓడలెక్కించి పంపేసింది. చాలామంది పోర్ట్ లూయీ మురికివాడల్లో బతుకీడ్చారు. 2025 మే 22న దీవులను మారిషస్‌కు అప్పగిస్తూ, స్థావరాన్ని 99 ఏళ్ళకు లీజుకు ఇస్తూ ఒప్పందం జరిగింది. ఏటా సగటున పది కోట్ల పౌండ్లకు పైగా అద్దె వస్తుందని అంచనా. ఇల్లు పోగొట్టుకున్నవారిని చర్చల బల్ల దగ్గర కూర్చోబెట్టనేలేదు.

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు. 1834 తర్వాత చెరకు తోటలకు వెళ్ళిన నాలుగున్నర లక్షల మంది భారతీయ ఒప్పంద కూలీల్లో కోరంగి రేవు నుంచి ఓడెక్కిన గోదావరి, విశాఖ ప్రాంతాల వారు కూడా ఉన్నారు. వారి వారసులు బడుల్లో తెలుగు నిలబెట్టుకున్నారు, ఉగాదిని జాతీయ సెలవుగా సాధించుకున్నారు, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలకు ఆతిథ్యమిచ్చారు. రాజ్యాంగం వారిని హిందువుల్లోనే లెక్కిస్తుంది కానీ పార్టీలు విడిగా లెక్కిస్తాయి. అక్కడ ఒక తెలుగు పేరు మంత్రిగా ప్రమాణం చేస్తే ఇక్కడ మన సంఘాలు సన్మానాలకు సిద్ధమవుతాయి. అతడు ఏ శాఖ నడిపాడు, ఆ శాఖలో టెండర్లు ఎలా సాగాయి అని ఒక్క వేదిక మీదా అడగం. వాటా దక్కితే చాలనే ఆ మనస్తత్వానికి మనం సముద్రం ఇవతల నుంచి చప్పట్లు కొడుతున్నాం. తోటల్లో కొరడా దెబ్బలు తిన్న తాతల పేరు చెప్పుకునే మనకు, అదే తోటల్లో వారికంటే ముందు మగ్గిపోయిన బానిసల మనవల గోడు పట్టాలి కదా.

ఈ తప్పులకు బిల్లు ఎవరు కడతారో 2025 జూన్ బడ్జెట్‌లో తేలింది. ఖజానా ఒట్టిపోయిందని చెప్పిన కొత్త ప్రభుత్వం వృద్ధాప్య పింఛను వయసును 60 నుంచి క్రమంగా 65కు పెంచుతామంది. కార్మిక సంఘాలు వీధికెక్కాయి. ముప్పై ఏళ్ళు చెరకు నరికి నడుము విరిగిన మనిషికి ఆ అయిదేళ్ళు చిన్న మాట కాదు. అంతకుముందు బీటామాక్స్ కంపెనీతో చమురు రవాణా ఒప్పందాన్ని 2015లో కొత్త ప్రభుత్వం పాత ప్రభుత్వం మీది కసితో రద్దు చేసింది. 2021లో ప్రివీ కౌన్సిల్ కంపెనీకే పరిహారం కట్టమంది. 450 కోట్ల మారిషస్ రూపాయలకు పైబడిన ఆ సొమ్ము ప్రజలదే. రెండు కుటుంబాల పగకు మూడోవాడు చెల్లించిన మూల్యమది. అవినీతి చివరికి కోసేది అందరికీ ఇచ్చిన ఆ మొదటి రకం న్యాయాన్నే. ఇనప్పెట్టెల్లోకి వెళ్ళిన డబ్బు అన్ని వర్గాల ముసలివాళ్ళ నోటి దగ్గరి కూడు.

చేయవలసినవి ఆ దేశంలో అందరికీ తెలుసు. పార్టీల ఖాతాలు బయటపెట్టే చట్టం రావాలి. సమాచార హక్కు రావాలి, మనకు 2005లోనే వచ్చినది వారికి ఎన్నికల హామీగానే మిగిలిపోతూ వచ్చింది. అవినీతి నిరోధక సంస్థ అధిపతిని, పోలీసు కమిషనర్‌ను ఎంపిక చేయడంలో ప్రధాని మాటే చెల్లే పద్ధతి పోవాలి. అభ్యర్థి వర్గం ప్రకటించాలన్న నిబంధన పోవాలి, దాని స్థానంలో చిన్న వర్గాలకూ చిన్న పార్టీలకూ ఓట్ల నిష్పత్తిని బట్టి సీట్లు రావాలి. 2019 జులైలో పార్టీల నిధుల బిల్లు సభకు వచ్చినప్పుడు రాజ్యాంగ సవరణకు కావలసిన ముప్పాతిక మెజారిటీ లేక వీగిపోయింది. 2024 నవంబరులో ఎన్నికైన సభలో ఆ అడ్డంకి లేదు. అరవై సీట్లు గెలిచిన ప్రభుత్వం సంఖ్య చాలలేదని చెప్పడానికి వీల్లేదు.