పసివారి ఊలు దుస్తులు: ఉతకడం, ఆరబెట్టడం, దాచడం

ఇంట్లో బిడ్డ పుట్టిన శుభవార్త తెలియగానే బంధువుల నుంచి వచ్చే కానుకల్లో ఊలు సెట్టు ఒకటి తప్పక ఉంటుంది. అఖీఖా నాటికి చిన్న స్వెట్టర్లు, టోపీలు, మేజోళ్ళు రెండు మూడు జతలు చేరిపోతాయి. వాటిలో ఒకటి నానీయో, ఖాలాయో వారాల తరబడి కూర్చుని స్వయంగా అల్లినదై ఉంటుంది. కొన్నది పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. చేతితో అల్లినదాని విషయంలో ఆ వీలు లేదు. అయినా నాలుగైదు ఉతుకులకే అది గట్టిపడి బొమ్మకు తొడిగే చొక్కా అంత అవుతుంది. లేదా సాగిపోయి బిడ్డ పాదాల దాకా వేలాడుతుంది.

దీనికి కారణం అశ్రద్ధ కాదు. పసిపిల్లల బట్టల విషయంలో అశ్రద్ధ చేసే తల్లులు అరుదు. అతిశ్రద్ధే ఇక్కడ చేటు తెస్తున్నది. కాగిన నీళ్ళలో నానబెట్టడం, సోడా వేయడం, బ్రష్షుతో రుద్దడం, ఉన్న బలమంతా ఉపయోగించి పిండడం, చలికాలం పోగానే కలరా ఉండలు వేసి పెట్టెలో దాచడం: ఇవన్నీ శుభ్రత కోసం, భద్రత కోసం చేసే పనులే. నూలు లంగోటీలు కాగిన నీళ్ళను, రాపిడిని తట్టుకుంటాయి. అల్లిన దుస్తులు తట్టుకోలేవు. ఇక చివరి పని బట్ట మాట అటుంచి బిడ్డకే హాని చేయగలదు. దాని గురించి ముందుకు వెళ్ళాక వివరంగా చెప్పుకుందాం.

వాడుకలో మనం ‘ఊలు’ అనే ప్రతిదీ గొర్రె ఉన్ని కాదు. చలికాలంలో హైదరాబాదు, విజయవాడ వంటి నగరాల్లో టిబెటన్లు తెరిచే స్వెట్టర్ల దుకాణాల్లో గాని, బజారులోని బట్టల షాపుల్లో గాని దొరికే పసివారి సెట్లలో ఎక్కువ భాగం అక్రిలిక్‌తో చేసినవి. అక్రిలిక్ పెట్రోలియం ఉత్పత్తుల నుంచి తయారయ్యే కృత్రిమ పోగు. ఇంట్లో అల్లడానికి కొనే ఊలు ఉండల్లోనూ అదే ఎక్కువ. లేబులు ఉంటే అందులో చూసుకోవచ్చు. లేకపోతే అదే ఊలులో మిగిలిన చిన్న పోగును, బిడ్డకు దూరంగా, ఒక స్టీలు పళ్ళెం మీద పట్టుకారుతో పట్టుకుని వెలిగించి చూడండి. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మంట తనంతట తానే ఆరిపోతుంది, మిగిలిన మసి వేళ్ళ మధ్య పొడి అవుతుంది. అక్రిలిక్ కరుగుతూ మండి, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఈ తేడా ఉతకడంలోనే కాదు, దాచడంలో ఇంకా ఎక్కువగా పనికివస్తుంది.

అసలైన ఉన్ని ఎందుకు ముడుచుకుపోతుంది? ఉన్ని పోగు మన తలవెంట్రుక వంటిదే; రెండూ కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినవే. సూక్ష్మదర్శినిలో చూస్తే ఆ పోగు మీద చేప పొలుసుల వంటి పొరలు కనిపిస్తాయి. వేడి, సబ్బునీరు, రాపిడి కలిసినప్పుడు ఈ పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. ఆ తర్వాత వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. కశ్మీరులో నమ్దాలనే తివాచీలను ఈ గుణాన్ని ఆధారం చేసుకునే తయారు చేస్తారు: ఉన్నిని పరిచి, సబ్బునీళ్ళు చల్లి, చుట్టి దొర్లిస్తూ నొక్కితే నేత లేకుండానే దట్టమైన గుడ్డ తయారవుతుంది. అక్కడ అది చేతిపని. మన బకెట్లో స్వెట్టరుకు జరిగేదీ అదే.

కాబట్టి ఉన్ని దుస్తులను 30 డిగ్రీలకు మించని నీటిలోనే ఉతకాలి. చేయి పెడితే వేడి తెలియకూడదు. మన ప్రాంతంలో కుళాయి నీరే చాలు, కాచవలసిన అవసరమే లేదు. పైగా ఎండకాలం మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు అంతకంటే వేడిగా ఉంటుంది గనుక ఉదయమే పని ముగించుకోవడం మేలు. ఉతికే నీరు, జాడించే నీరు ఒకే వేడిలో ఉండాలి. గోరువెచ్చని నీటిలో నుంచి తీసి చన్నీళ్ళలో ముంచితే ఉన్ని ఆ మార్పుకు కూడా బిగుసుకుంటుంది.

సబ్బు విషయంలో మన పెద్దవాళ్ళు వాడిన కుంకుడు రసానికి సాటి వచ్చేవి తక్కువ. కాయలను రాత్రి నానబెట్టి, పిసికి, పల్చని గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. పిప్పి మిగిలితే అల్లికలో ఇరుక్కుని బిడ్డ ఒంటికి గుచ్చుకుంటుంది. తెల్లని స్వెట్టరు మీద మాత్రం కుంకుడు రసం లేత పసుపు ఛాయను మిగల్చవచ్చు. అలాంటివాటికి ఊలు దుస్తుల కోసం ప్రత్యేకంగా అమ్మే ద్రవ సబ్బును కొద్దిగా వాడుకోవచ్చు. చాకలి సోడా వద్దు. క్షారం ఉన్నిని బలహీనపరుస్తుంది. బ్లీచింగ్ ద్రవం అసలే వద్దు. క్లోరిన్ గాఢంగా ఉంటే ఉన్ని పోగు కరిగిపోతుంది. మరకలను ‘తినే’ ఎంజైములు ఉన్నాయని ప్రకటించే పొడులు పాలమరకతో పాటు ఉన్నినీ తింటాయి. రెండూ మాంసకృత్తులే కదా! సువాసన కోసం చివర కలిపే మెత్తదనపు ద్రవాలు కూడా పసివారి బట్టలకు అనవసరం. ఆ పరిమళం బిడ్డ చర్మానికి చికాకు పెట్టేదే తప్ప మేలు చేసేది కాదు.

బట్టను తిరగేసి, సబ్బు కలిపిన నీటిలో పది నిమిషాలు ఉంచి, అరచేతులతో మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే మురికి దానంతట అదే దిగుతుంది. రుద్దకూడదు, బండకు కొట్టకూడదు. నీటి నుంచి తీసేటప్పుడు భుజాలు పట్టి లాగకుండా రెండు చేతులూ కింద పెట్టి, నిద్రపోతున్న బిడ్డను ఎత్తినట్లు ఎత్తాలి. పాలు కక్కిన మరకను ముందు చన్నీళ్ళతోనే కడగాలి. వేడి నీరు తగిలితే పాలలోని మాంసకృత్తు గడ్డకట్టి అల్లికలో నిలిచిపోతుంది. మెడ దగ్గర పేరుకునే ఒంటినూనె జిడ్డుకు చిక్కని కుంకుడు నురగ అద్ది కాసేపు ఉంచితే చాలు. అన్నిటికంటే తేలిక మార్గం మరొకటి ఉంది: స్వెట్టరు లోపల పల్చని నూలు జుబ్బా తొడగడం. చెమట, నూనె, పాలు దానికే అంటుతాయి, స్వెట్టరును ఉతికే పని సగానికి తగ్గుతుంది.

నమాజు చేసే తల్లికి ఇక్కడ ఒక సందేహం సహజంగానే కలుగుతుంది. బిడ్డ మూత్రం అంటిన బట్టను మూడుసార్లు కడిగి, ప్రతిసారీ పిండాలన్నది హనఫీ కుటుంబాల్లో అందరికీ తెలిసిన నియమం. బలంగా పిండకపోతే పాకీ కాదేమోనన్న భయంతోనే ఎన్నో స్వెట్టర్లు మెలితిరిగి రూపం కోల్పోతున్నాయి. పిండడానికి వీలులేని వస్తువుల కోసం ఫిఖహ్ పండితులు మరో మార్గం చూపారు. కడిగి, నీటి చుక్కలు కారడం ఆగేవరకు ఉంచాలి; మళ్ళీ కడగాలి; ఇలా మూడుసార్లు చేయాలి. పల్చని, నాజూకైన బట్ట పాడవుతుందని పూర్తి బలంతో పిండకపోయినా అది పాకీ అవుతుందన్న అభిప్రాయం కూడా వారి గ్రంథాల్లో ఉంది. షాఫయీ మజ్‌హబ్‌లోనైతే పాలు తప్ప మరో ఆహారం ఎరుగని మగశిశువు మూత్రం పడిన చోట నీళ్ళు చిలకరిస్తే చాలు. హనఫీలలో బిడ్డ ఎవరైనా కడగవలసిందే. మీ ఇంటి ఆచరణ ఏదో స్థానిక ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. షరీఅత్ కోరే శుభ్రతకూ అల్లిన బట్ట మన్నికకూ మధ్య విరోధం ఉన్నదనుకోనక్కరలేదు. మూత్రం అంటిన వెంటనే కడగడం మాత్రం అవసరం. ఆలస్యమైతే అందులో అమోనియా పుట్టి వాసన నిలిచిపోతుంది, ఉన్నీ దెబ్బతింటుంది.

నీరు తీయడానికి ఒక పొడి తువ్వాలు చాలు. స్వెట్టరును దాని మీద పరిచి, చాపలా చుట్టి, పైనుంచి అరచేతులతో నొక్కితే నీరంతా తువ్వాలు పీల్చుకుంటుంది. తర్వాత నీడలో, గాలి ఆడేచోట పరచి ఆరబెట్టాలి. నులక మంచం ఇంట్లో ఉంటే దాని మీద పల్చని గుడ్డ వేసి ఆరేయండి. గాలి కింద నుంచి కూడా తగులుతుంది. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు చేతులు, అంచులు సాగుతాయి. పరిచినప్పుడే చేతులను, మెడను సరైన కొలతకు సర్దాలి. ఏ రూపంలో ఆరితే ఆ రూపమే నిలుస్తుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడోవంతు తేమను పీల్చుకున్నా పైకి తడిగా అనిపించదు. అందుచేత పొడిగా తోచిన తర్వాత కూడా మరో పూట ఆరనివ్వాలి.

అక్రిలిక్‌కు ఇన్ని నియమాలు లేవు. అది నమ్దాలా గట్టిపడదు, మిషనులో నెమ్మది తిరుగుడును తట్టుకుంటుంది. దాని శత్రువు వేడి. ఇస్త్రీపెట్టె ఒక్కసారి తగిలితే అల్లిక చచ్చుబడి, సాగే గుణం పోయి, జావకారిపోతుంది. ఇంకొక సంగతి. స్నానం చేయించాక బిడ్డకు సాంబ్రాణి పొగ పట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. పొగ బిడ్డ ఊపిరితిత్తులకు మంచిది కాదన్నది ఒక మాట. అక్రిలిక్ టోపీ, స్వెట్టరు తొడిగి నిప్పుల దగ్గరకు తీసుకువెళ్ళడం మాత్రం మరీ సాహసం. అది అంటుకుంటే కరిగి చర్మానికి అతుక్కుంటుంది.

ప్రతి ఉతుకు తర్వాత మేజోళ్ళను, చేతి తొడుగులను తిరగేసి లోపలి పోగులను పరిశీలించాలి. ఊడిన పోగు గాని, అందులో చిక్కుకున్న తల్లి వెంట్రుక గాని పసివేలికి చుట్టుకుని బిగిసి రక్తప్రసారాన్ని ఆపేస్తుంది. బిడ్డ కారణం తెలియకుండా గుక్కపట్టి ఏడుస్తుంటే మేజోళ్ళు విప్పి ప్రతి వేలినీ చూడండి. వదులైన గుండీని ఆ రోజే కుట్టాలి. మెడ దగ్గర నాడాలు ఉంటే తీసివేయడమే మంచిది.

ఇక దాచడం. కలరా ఉండలలో ఉండే నాఫ్తలీన్ ఘనస్థితి నుంచి నేరుగా ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి పెట్టెలోని బట్టలకు పడుతుంది. మరుసటి చలికాలంలో, లేదా తర్వాతి కాన్పులో, ఆ స్వెట్టరును తీసి నవజాత శిశువుకు తొడిగినప్పుడు అది శ్వాస ద్వారానూ, చర్మం ద్వారానూ బిడ్డ ఒంట్లోకి చేరుతుంది. నాఫ్తలీన్ నూనెలో కరిగే పదార్థం. ఒంటికి నూనె రాసి ఉంటే మరింత సులువుగా చేరుతుంది. కొందరు శిశువులకు పుట్టుకతోనే జి6పిడి అనే ఎంజైము లోపం ఉంటుంది. ఇది వంశపారంపర్యం, మగపిల్లల్లో ఎక్కువ. చాలా కుటుంబాల్లో ఈ లోపం ఉన్న సంగతే తెలియదు. అలాంటి బిడ్డలో నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేస్తుంది. రక్తం తగ్గుతుంది, కామెర్లు తీవ్రమవుతాయి. నవజాత శిశువులో కామెర్లు హద్దు మీరితే మెదడుకు శాశ్వత నష్టం కలుగుతుంది. 1963లోనే గ్రీసు వైద్యులు 21 మంది నవజాత శిశువుల్లో నాఫ్తలీన్ ఆవిరి వల్ల రక్తకణాలు నశించిన సంగతిని ప్రచురించారు. ఎంజైము లోపం లేని శిశువులు కూడా వారిలో ఉన్నారు. (ఈ లోపం ఉన్న పసివారికి గోరింటాకు పూయడం వల్ల కూడా ఇలాంటి ప్రమాదమే ఉంది. ఈద్ నాడు ముచ్చటపడే పెద్దలు ఇది గమనించాలి.)

విచారించవలసిన విషయం ఏమిటంటే, ఈ ఉండల అవసరమే చాలా ఇళ్ళలో లేదు. బట్టలు కొరికే పురుగు పిల్లలకు ఆహారం ఉన్నిలోని కెరాటిన్. అక్రిలిక్ వాటికి తిండి కాదు. మన పెట్టెల్లో ఉన్నవి అధికంగా అక్రిలిక్ సెట్లే! అసలైన ఉన్ని ఉన్నచోట కూడా పురుగులు ముందుగా వెతికేది పాలు, చెమట అంటి ఉన్న భాగాన్నే. శుభ్రంగా ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, మూత గట్టిగా పడే డబ్బాలో గాని, జిప్పు సంచిలో గాని మడతపెట్టి ఉంచితే చాలు. రెండు నెలలకోసారి తీసి దులిపి, కొంతసేపు ఎండ చూపాలి. ఎండిన వేపాకును గుడ్డమూటలో కట్టి పక్కన పెట్టుకునేవారు పెట్టుకోవచ్చు. కర్పూరం మాత్రం వద్దు. అదీ పసివారికి విషమే.

ఎవరి ఇంటి నుంచైనా పాత ఊలు సెట్టు వస్తే దానిని ఎలా దాచారో మొహమాటం లేకుండా అడగండి. ఉండల వాసన వస్తుంటే కొన్ని రోజులు గాలికి ఆరబెట్టి, ఉతికి, మళ్ళీ ఆరబెట్టాలి. అప్పటికీ వాసన పోకపోతే నెలల పసివారికి తొడగవద్దు. అటువంటి బట్ట వేసిన తర్వాత బిడ్డ ఒళ్ళు, కళ్ళు పచ్చబడినా, పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, పాలు తాగక మగతగా ఉన్నా ఆ పూటే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కలరా ఉండల సంగతిని వైద్యునికి చెప్పడం మరవవద్దు. అడగకుండా వారికి తెలిసే విషయం కాదది.

మీ ఇంటి సెట్టును మరొకరికి ఇచ్చేటప్పుడు అల్లికలో మిగిలిన ఊలు కొంచెం, ఒక గుండీ చిన్న పొట్లంలో కట్టి దానితో పాటే ఇవ్వండి. మోచేతి దగ్గర అల్లిక ఊడితే అదే రంగు ఊలు బజారంతా వెతికినా దొరకదు.